బైపీసీ పిల్లల ఇరవైనాలుగు గంటలు

తెలుగు సాహిత్యంలో డాక్టరు ఉన్నాడు. కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ ఒక తరం పాఠకులకు ఆసుపత్రి వార్డుల లోపలి జీవితాన్ని పరిచయం చేసింది. డాక్టర్ కేశవరెడ్డి ‘సిటీ బ్యూటిఫుల్’లో వైద్యవిద్యార్థి అంతరంగాన్నే కథావస్తువుగా తీసుకున్నాడు. కానీ డాక్టరు కావడానికి ముందున్న దశను, అంటే పదహారు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య సీటు కోసం చదివే దశను మన రచయితలు తగినంతగా చూడలేదు. చూసిన చాలా కథల్లో ఆ పిల్లవాడు చివరి పేజీలో శవంగా కనిపిస్తాడు. అంతకుముందు అతను ఎన్ని గంటలకు లేచాడో, ఏం చదివాడో, ఎలా చదివాడో, ఆ చదువు అతన్ని ఎలాంటి మనిషిగా తయారు చేస్తూ వచ్చిందో మనకు తెలియదు.

చావు ఒక సంఘటన. దినచర్య ఒక వ్యవస్థ. సంఘటనను చూసి కన్నీరు పెట్టడం తేలిక, వ్యవస్థను అర్థం చేసుకోవడం కష్టం. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలలో చేసింది ఆ రెండో పని. చదువంటే ఒక పిల్లవాడి తెలివితేటల కథ కాదనీ, కుటుంబమూ కులమూ ఆర్థిక పరిస్థితులూ కలిసి నడిపించే సామాజిక ప్రక్రియ అనీ ఆయన చూపించాడు. ఆ చూపుతో నేటి బైపీసీ విద్యార్థి రోజును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఈ పరీక్ష ఎక్కడినుంచి వచ్చింది?

ఆంధ్రప్రదేశ్‌లో పి.యు.సి. స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ 1969–70లో వచ్చింది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1986 నుంచి ఎంసెట్ మొదలైంది. డబ్బుతో సీటు కొనుక్కునే పద్ధతిని కాదని, అందరికీ ఒకే పరీక్ష పెట్టడం ఆనాటికి ప్రజాస్వామికంగానే కనిపించింది. కొంతమేరకు నిజం కూడా. అయితే పరీక్ష అందరికీ ఒకటే అయినంత మాత్రాన పరీక్షకు చేసే తయారీ అందరికీ ఒకటి కాదు. ఈ ఖాళీలోకే పెట్టుబడి ప్రవేశించింది. సీటును నేరుగా అమ్మడం కష్టమైనచోట, సీటు తెచ్చిపెట్టే తయారీని అమ్మడం మొదలైంది. కోస్తా పట్టణాల్లో ట్యుటోరియల్ కాలేజీలుగా పుట్టినవి రెండు దశాబ్దాల్లో రెండు ప్రాంతాల్లోనూ శాఖోపశాఖలుగా విస్తరించిన రెసిడెన్షియల్ కాలేజీల గొలుసులయ్యాయి.

నీట్ తొలిసారి 2013లో జరిగింది. అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 2016లో ఆ తీర్పును తానే వెనక్కి తీసుకుంది. ఆ సంవత్సరం తెలుగు రాష్ట్రాలు తమ సీట్లకు సొంత పరీక్షలే పెట్టుకున్నాయి. తెలంగాణలో ఎంసెట్–2 ప్రశ్నపత్రం బయటికి పొక్కడంతో దాన్ని రద్దు చేసి మూడోసారి పరీక్ష పెట్టారు. ఒకే పిల్లవాడు ఒకే వేసవిలో ఎన్ని పరీక్షలకు ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్క వేసుకుంటే ఆ తరం అనుభవం అర్థమవుతుంది. 2017 నుంచి నీట్ ఒక్కటే దారి అయింది. ఎంసెట్‌లో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం విలువ ఉండేది. నీట్‌లో ఆ విలువ లేదు. ఇంటర్మీడియట్ కేవలం అర్హతగా మిగిలింది. అంటే కాలేజీ అనే సంస్థ పేరుకు మాత్రమే ఉండి, దాని లోపల కోచింగ్ సెంటరు పూర్తిగా కాపురం పెట్టింది.

2. రోజు

చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో రోజు తెల్లవారుజామున అయిదు గంటలకు మొదలవుతుంది. వార్డెన్ తలుపులు కొడతాడు. బకెట్ల దగ్గర వరుస. అయిదున్నర నుంచి ఏడున్నర దాకా స్టడీ అవర్. ఉప్మానో ఇడ్లీనో తిని ఎనిమిదికి క్లాసులో కూర్చుంటే ఒంటిగంట దాకా నాలుగు పాఠాలు. భోజనం. మళ్లీ అయిదు దాకా క్లాసులో, టెస్టో. టీ, బిస్కెట్లు, కొద్దిసేపు బట్టలుతుక్కోవడం. ఆరు నుంచి ఎనిమిది దాకా స్టడీ అవర్, రాత్రి భోజనం, తొమ్మిది నుంచి పదిన్నర దాకా మళ్లీ స్టడీ అవర్. కాలేజీని బట్టి అరగంట అటూ ఇటూ కావచ్చు. మొత్తం కలిపితే పదమూడున్నర గంటలు. 1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చారు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం వయసొచ్చిన కార్మికుడి చేతకూడా రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదన్నది. ఈ పిల్లవాడు చేస్తున్నది ‘పని’ కాదు కనుక ఏ పనిదినపు పరిమితీ అతనికి వర్తించదు.

ఈ గంటలన్నీ అతనివి కావు. ఏ రోజు ఏ పాఠం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఏ ఆదివారం ఏ టెస్టు అన్నది ఏడాది ముందే ఎక్కడో కేంద్ర కార్యాలయంలో నిర్ణయమై ఉంటుంది. లెక్చరర్ కూడా ఆ ప్రణాళికకు బందీయే. ఒక పిల్లవాడు లేచి ప్రశ్న అడిగితే పాఠం వెనకబడుతుంది. పాఠం వెనకబడితే లెక్చరర్ సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని సందేహాలకు వేరే గంట, వేరే మనిషి. పాఠం చెప్పేవాడు ఒకడు, సందేహం తీర్చేవాడు ఇంకొకడు, టెస్టు పేపరు తయారుచేసేవాడు మరొకడు. గురుశిష్య సంబంధం ఫ్యాక్టరీలోలాగా శ్రమవిభజనకు లోనైంది.

వారాంతపు టెస్టులో వచ్చిన మార్కులే పిల్లవాడి చిరునామా. మార్కులను బట్టి సెక్షన్, సెక్షన్‌ను బట్టి లెక్చరర్, కొన్నిచోట్ల గది కూడా. పై సెక్షన్‌కు బాగా చెప్పే లెక్చరర్లు, కింది సెక్షన్‌కు కొత్తగా చేరినవాళ్లు. వెనకబడినవాడికి ఎక్కువ సాయం అందాలన్నది బడి న్యాయం. ముందున్నవాడి మీదే పెట్టుబడి పెట్టాలన్నది వ్యాపార న్యాయం. ఫలితాలొచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో అచ్చయ్యే ఫోటోలకోసం పై సెక్షన్ ఉంటుంది. ఆ ఫోటోల ఖర్చు కింది సెక్షన్ల ఫీజుల్లోంచి వస్తుంది. కింది సెక్షన్ తల్లిదండ్రులు మాత్రం ఆ ఫోటోలను చూసే పిల్లవాణ్ణి చేర్పించి ఉంటారు.

ఇంటితో సంబంధం వారానికో పదిరోజులకో ఒక ఫోను, నెలకో రెండు నెలలకో ఒక ఔటింగ్. ఆ ఫోనులో మొదటి ప్రశ్న ‘తిన్నావా’, రెండో ప్రశ్న ‘టెస్టులో ఎన్నొచ్చాయి’. రెండో ప్రశ్న అడిగే తండ్రిని తిట్టడం తేలిక. ఆయన చిట్టీ పాడి ఫీజు కట్టి ఉంటాడు, లేదా అరెకరం అమ్మి ఉంటాడు. ఆయన అడుగుతున్నది అప్పు గురించి. ఆ సంగతి పిల్లవాడికి తెలుసు. అందుకే జ్వరం వచ్చినా చెప్పడు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. 2025లో నీట్‌కు నమోదైనవాళ్లలో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ. డాక్టరు చదువు ‘ఆడపిల్లకు గౌరవమైనది’ అనే మధ్యతరగతి నమ్మకం ఇందుకు ఒక కారణం. కానీ మొదటి ప్రయత్నంలో సీటు రానప్పుడు అబ్బాయికి సులభంగా దొరికే లాంగ్‌టర్మ్ ఏడాది అమ్మాయికి దొరకడం కష్టం. ఆ ఏడాదికి పెళ్లి సంబంధాలు పోటీకి వస్తాయి. ఆమెకు పరీక్ష ఒక్కటే కాదు, గడువు కూడా ప్రత్యర్థి.

3. చదువు తీరు

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు కలుస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. భౌతికశాస్త్రానికి 45, రసాయనశాస్త్రానికి 45, జీవశాస్త్రానికి 90 ప్రశ్నలు. పిల్లలు చదివే పద్ధతి అంతా ఈ లెక్కలోంచే పుట్టింది. జీవశాస్త్రం ముందు చేసి ముప్పావుగంటలో ముగించాలి, మిగిలిన సమయం భౌతికశాస్త్రపు లెక్కలకు దాచుకోవాలి. కాబట్టి జీవశాస్త్రం ప్రశ్నకు అర నిమిషమే. అర నిమిషంలో ఆలోచించడం కుదరదు, గుర్తుపట్టడమే కుదురుతుంది. గుర్తుపట్టాలంటే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోని ప్రతి వాక్యం, ప్రతి బొమ్మ కింది ప్రతి మాట కళ్లలో అచ్చయి ఉండాలి. పిల్లలు ఆ పుస్తకాన్ని పది పదిహేనుసార్లు తిరగేస్తారు. పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగుల గీతలతో పేజీలో తెల్లదనం మిగలదు.

ఈ శ్రమను చులకన చేయకూడదు. తప్పు చేసిన ప్రశ్నలను వేరే పుస్తకంలో రాసుకుని వారంవారం చూసుకోవడం, చదివినదాన్ని పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం, పాతపాఠాన్ని విరామాలతో మళ్లీ మళ్లీ పలకరించడం మంచి అలవాట్లే. జ్ఞాపకం ఇలాంటి సాధనతోనే గట్టిపడుతుందని మనస్తత్వశాస్త్రం కూడా చెబుతుంది. వైద్యుడికి జ్ఞాపకం అవసరమే. మందు మోతాదును ఊహించుకుని రాసే డాక్టరు ఎవరికీ అక్కర్లేదు. మన ఆక్షేపణ జ్ఞాపకం మీద కాదు, జ్ఞాపకానికి వస్తువుతో, మనిషితో తెగిపోయిన సంబంధం మీద. ఆకును సూక్ష్మదర్శిని కింద చూడని పిల్లవాడికి పత్రరంధ్రం ఒక నిర్వచనం మాత్రమే. ల్యాబ్ తలుపులు చాలా కాలేజీల్లో ప్రాక్టికల్ పరీక్షల ముందు తెరుచుకుంటాయి. నిద్ర తగ్గితే జ్ఞాపకం దెబ్బతింటుందని చదివిన పిల్లవాడికే ఆరు గంటల నిద్ర దొరకదు.

ఇక ఊహించి గుర్తుపెట్టడం. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుడ్డిగా నల్లచేస్తే నాలుగుసార్లకు ఒకసారి నాలుగు మార్కులొస్తాయి, మూడుసార్లు మూడు పోతాయి, సగటున పావు మార్కు లాభం. రెండు జవాబులు కావని తెలిస్తే లాభం సగటున ఒకటిన్నర మార్కు. ‘రెండు కొట్టేయగలిగితే రిస్కు తీసుకో’ అనే సూత్రం ఇక్కడినుంచి వచ్చింది. గణితం సరైనదే. కానీ ‘నాకు తెలియదు’ అని ఒప్పుకోవడం నష్టమని పదిహేడేళ్లప్పుడు నేర్చుకున్న మనిషి, రేపు రోగి ముందు కూర్చున్నప్పుడు ఆ మాట అనగలడా?

పాఠ్యపుస్తకంలోనే ఉండి చదవని పాఠాలు మరికొన్ని. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో టైఫాయిడ్ దగ్గర మేరీ మాలన్ ప్రస్తావన ఉంది. పిల్లలకు టైఫాయిడ్ అనగానే బాక్టీరియం పేరు, విడాల్ పరీక్ష గుర్తుకొస్తాయి. మేరీ మాలన్ ఐర్లండు నుంచి అమెరికాకు వలసవెళ్లిన వంటమనిషి. తనకు జబ్బు లక్షణాలు లేకుండానే ఇతరులకు టైఫాయిడ్ అంటించిందని ఆమెను 1907లో నిర్బంధించారు, 1910లో వంటపని చేయనని మాట తీసుకుని వదిలారు. వేరే పనిలో వచ్చే కూలి వంటపనిలో వచ్చేదానికంటే తక్కువ. ఆమె మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో మళ్లీ పట్టుకుని 1938లో చనిపోయేదాకా న్యూయార్క్ దగ్గరి దీవిలో ఉంచారు. అంటువ్యాధికీ కూలికీ ఉన్న సంబంధం, ప్రజారోగ్యానికీ వ్యక్తి స్వేచ్ఛకీ ఉన్న వైరుధ్యం ఈ ఒక్క జీవితంలో ఉన్నాయి. నాలుగు జవాబుల్లో ఒకటిగా ఇమడదు కనుక అది పాఠం కాలేదు.

అదే పుస్తకంలో, అదే అధ్యాయంలో, కౌమారదశను గురించి చెబుతూ చదువులో రాణించాలనే ఒత్తిడి పిల్లలను మత్తుపదార్థాల వైపు నెడుతుందనీ, ఏ పిల్లవాణ్ణీ అతని శక్తికి మించి నెట్టకూడదనీ రాసి ఉంది. ఆ వాక్యాలకు కూడా పిల్లలు రంగు గీతలు గీస్తారు. అందులోంచి ప్రశ్న రావచ్చు కదా!

ఇంకొక విశేషం. 2024 నీట్ నుంచి పాఠ్యప్రణాళికను తగ్గించారు. తీసేసిన జీవశాస్త్ర అధ్యాయాల్లో జీర్ణక్రియ ఉంది, ఆహారోత్పత్తి పెంపు ఉంది, పర్యావరణ సమస్యలు ఉన్నాయి. భారం తగ్గడం పిల్లలకు మేలే. కానీ ఏది భారమని నిర్ణయించారో చూడండి: తిండి ఎలా పండుతుంది, ఎలా అరుగుతుంది, గాలీ నీరూ ఎలా పాడవుతున్నాయి అన్నవి. ఆకలినీ కాలుష్యాన్నీ వైద్యం పొలిమేర దాటించేశాక వ్యాధికి మిగిలేది మందు ఒక్కటే.

భాష సంగతి మన పాఠకులకు ముఖ్యం. ఇంటర్మీడియట్‌లో ద్వితీయభాషగా ఈ పిల్లల్లో ఎక్కువమంది సంస్కృతం తీసుకుంటారు. దానిమీద ప్రేమతో కాదు, నూటికి తొంభయ్యెనిమిది తేలిగ్గా వస్తాయని. తెలుగు కవిత్వంతో, కథతో ఈ పిల్లవాడి పరిచయం పదో తరగతితో ఆగిపోతుంది. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ దొరుకుతుంది. కానీ తెలుగులో రాసేవాళ్లు చాలా కొద్దిమంది. 1968లో పుట్టిన తెలుగు అకాడమి శాస్త్రపాఠాలను తెలుగులో తేవడానికి చేసిన కృషి ఈ గేటు దగ్గర ఆగింది. రేపు ‘గుండెల్లో దడగా, కాళ్లు గుంజుతున్నట్టు, అరికాళ్లు మంటగా ఉందయ్యా’ అని చెప్పే ముసలమ్మ మాటను ఈ డాక్టరు ఏ భాషలో వింటాడు?

4. ప్రతిభ, డబ్బు

ఇంత కఠోరశ్రమనూ సమర్థించే మాట ఒకటే: ప్రతిభ. దాన్నీ లెక్కలతోనే చూద్దాం. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు, అర్హత పొందినవాళ్లు 12 లక్షల పైచిలుకు. దేశంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా పదివేలకు పైగా. అర్హతకూ సీటుకూ మధ్య ఉన్న ఈ అగాధంలోనే అసలు ఎంపిక జరుగుతుంది. ఆ ఏడాది జనరల్ విభాగంలో అర్హత మార్కు 720కి 144. అంటే నూటికి ఇరవై. ఆ మార్కులతో మేనేజ్‌మెంటు కోటాలోనో ఎన్నారై కోటాలోనో చేరడానికి నియమం అడ్డురాదు, డబ్బు ఉంటే చాలు. దానికి రెండింతలు తెచ్చుకుని కన్వీనరు సీటు అందని పిల్లవాడు లాంగ్‌టర్మ్‌కు డబ్బు లేక డిగ్రీలో చేరతాడు. 2023లో పీజీ వైద్యసీట్లు మిగిలిపోతే అర్హత పర్సెంటైల్‌ను సున్నాకు దించారు. ప్రతిభ గీటురాయి పేదవాడి విషయంలో ఇనుములా ఉంటుంది, ఖాళీ సీటు విషయంలో మైనంలా కరుగుతుంది.

ప్రభుత్వ కాలేజీలు కూడా దీనికి దూరంగా లేవు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోని కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సగం సీట్లను స్వయంపోషక, ఎన్నారై కోటాలకు కేటాయిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఫీజులు ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు. పేదపిల్లలకు రిజర్వేషన్ ఇస్తే ప్రతిభ నశిస్తుందని వాపోయేవాళ్ల గొంతు డబ్బుకిచ్చిన ఈ రిజర్వేషన్ దగ్గర వినిపించదు.

అయితే వ్యవస్థ సంపూర్ణంగా మూసిన తలుపు అని చెప్పడమూ తప్పే. గౌలిదొడ్డివంటి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివి కూలీల పిల్లలు వైద్యవిద్యార్థులవుతున్నారు. ప్రభుత్వబడి పిల్లలకు తమిళనాడు 2020లో వైద్యసీట్లలో 7.5 శాతం కేటాయించింది. తలుపు ఎవరు నెడితే ఎంత తెరుచుకుందో కూడా చూడగలిగితేనే అది వాస్తవికత.

5. కర్త లేని వాక్యం

‘చదువుల ఒత్తిడి తట్టుకోలేక విద్యార్థి ఆత్మహత్య.’ ఈ వాక్యం మన పత్రికల్లో అచ్చుదిమ్మలా తయారై ఉంటుంది. వ్యాకరణం తెలిసినవాళ్లు దీన్ని ఒకసారి విప్పి చూడాలి. ఒత్తిడి ఉంది, ఒత్తినవాడు లేడు. ‘తట్టుకోలేక’ అన్న మాటతో లోపం విద్యార్థికి బదిలీ అయింది. ఫీజు, పదమూడున్నర గంటలు, సెక్షన్ మార్పు, అప్పు, అందరిముందూ చదివిన మార్కుల జాబితా, ఇవేవీ వాక్యంలో లేవు. రెసిడెన్షియల్ కాలేజీల పరిస్థితి మీద 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ పరిశీలన జరిపాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల గందరగోళం తరవాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి కమిటీ తరవాతా నియమాలు వచ్చాయి. తెల్లవారుజాము అయిదుకు తలుపు చప్పుడూ వచ్చింది.

పత్రిక వదిలేసిన కర్తను వాక్యంలోకి తీసుకురావడం రచయిత పని. మన కథలు చాలాసార్లు పత్రిక వాక్యాన్నే పదిపేజీలకు పెంచుతున్నాయి. క్రూరుడైన తండ్రి, దుర్మార్గుడైన ప్రిన్సిపాలు, సున్నితమైన పిల్లవాడు: ఈ మూడు బొమ్మలతో వ్యవస్థ అర్థం కాదు. ఆ తండ్రి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో డాక్టరు లేక ఎవరో చనిపోయి ఉండవచ్చు. పిల్లవాణ్ణి డాక్టరు చేయాలన్న కోరిక అక్కడ పుట్టి ఉండవచ్చు. న్యాయమైన కోరికను వ్యాపారం ఎలా కబళించిందో చూపినప్పుడే విషాదానికి లోతు వస్తుంది.

6. మరొక చదువు

వైద్యం చదవాలనే తపన ఎప్పుడూ ఇలాగే లేదు. యల్లాప్రగడ సుబ్బారావు మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. స్ప్రూ వ్యాధి అతని ఇద్దరు అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. తరవాత అతను చేసిన ఫోలిక్ ఆమ్లం పరిశోధన ఆ వ్యాధికీ మందు చూపింది. ఆ చదువుకు మూలం ర్యాంకు కాదు, ఇంట్లో జరిగిన చావు. నెల్లూరులో డాక్టర్ రామచంద్రారెడ్డి ప్రజావైద్యశాలను నడిపి పల్లెలకు వైద్యం తెలిసిన కార్యకర్తలను తయారుచేశాడు. వరంగల్లులో పిల్లల డాక్టరు రామనాథం పౌరహక్కుల కోసం నిలబడి 1985 సెప్టెంబరు 3న హత్యకు గురయ్యాడు. వీళ్ల వైద్యం, వీళ్ల ప్రజాజీవితం రెండు వేరు పుస్తకాలు కావు.

నేటి బైపీసీ పిల్లల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. మెటీరియల్ అట్ట లోపల నవల దాచుకుని చదివే అమ్మాయి ఉంది. కింది సెక్షన్‌కు దిగిన స్నేహితుడికి రాత్రి పదిన్నర తరవాత మెట్లమీద కూర్చుని పాఠం చెప్పే అబ్బాయి ఉన్నాడు. పోటీ కోసమే నిర్మించిన గోడల మధ్య వాళ్లు సహకారాన్ని కనిపెట్టుకుంటున్నారు. ఏ ప్రణాళికలోనూ లేని ఆ అరగంట మన కథకులకు దొరకవలసిన అరగంట.

అందుకు రచయితలు చేయవలసిన పని స్పష్టం. ఆ పిల్లలతో మాట్లాడాలి. వాళ్ల టైంటేబుల్, టెస్టు పేపరు, ఫీజు రసీదు, తప్పుల పుస్తకం చూడాలి. లెక్చరర్ జీతం, వార్డెన్ జీతం, వంటమనిషి జీతం తెలుసుకోవాలి. సీటు రానివాళ్లు ఏమయ్యారో వెతకాలి. నీట్ రాసిన 22 లక్షల మందిలో సీటు రాని 20 లక్షల మందీ ఎవరి ప్రకటనలోనూ ఫోటోగా రారు. వాళ్లు మన కథల్లోనైనా కనిపించాలి.